తాండ్ర చేసే మా ఆడవాళ్లకు ఎవరైనా దారి చూపిస్తారా?

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. 2025లో తోతాపురి మామిడి కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తామన్నారు, గుర్తుందా? ఆ ఏడు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్లలోనే కాయ మెత్తబడి రసం కారుతుంటే చూడలేక, మా పొదుపు సంఘంలో పదకొండు మంది తాండ్ర మొదలుపెట్టారు. అందులో మా అమ్మ ఒకరు. లెక్కలు నేను చూస్తాను.

చాప మీద మామిడి గుజ్జు పలుచగా ఒక పూత, అది ఎండాక ఇంకో పూత. మధ్యలో జల్లు పడిందంటే వారం కష్టం నేలపాలే. సోలార్ డ్రయ్యర్ కావాలి, ప్యాకింగ్ నేర్పేవాళ్లు కావాలి. ఒక కంపెనీలో సీఎస్ఆర్ (సమాజ సేవకు కంపెనీలు పెట్టే ఖర్చు) చూసేవాళ్లను అడిగితే రిజిస్ట్రేషన్, మూడేళ్ల పని చూపించమన్నారు. బ్యాంకు వాళ్లు ఆర్డర్లు అడుగుతారు, షాపువాళ్లు ముందు సరుకు అడుగుతారు. అందరూ ఒక్కసారి ఎదురెదురుగా కూర్చుంటే గంటలో తేలే సంగతని నా నమ్మకం.

సొసైటీ పెట్టాలా, లాభం పంచుకోకుండా సేవకే నడిపే సెక్షన్ 8 కంపెనీనా? పదిమంది రైతులుంటే వాళ్లే యజమానులుగా ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టొచ్చు కదా, మాకు అదే మేలా? తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోమ్ సైన్స్ వాళ్లను ఎలా కలవాలి? ఇలా నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టినవాళ్లు ఉంటే, మొదట ఎవరి దగ్గరికి వెళ్లారో చెప్పండి. జూన్‌లో కాయ దిగుతుంది, టెన్షన్‌గా ఉంది.