బోడి మల్లయ్యకు కొమ్ములుంటే: ఒక సామెత మీద చర్చ

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి ఒక సభ్యురాలు):

నేనొక వైజ్ఞానిక కథ రాస్తున్నాను. అందులో సింహాసనం కోసం అర్రులు చాచే ఒక పాలకుడు, తన బలం చాలక గ్రహాంతరవాసుల సైన్యాన్ని తోడు పిలుచుకుంటాడు. వాళ్లు తలచుకుంటే నగరాలను బూడిద చేయగలవారు. తన శత్రువుల పని ముగియగానే వాళ్లనూ మట్టుపెట్టాలని అతడు లోలోపల పన్నాగం పన్నుతుంటాడు. అది పసిగట్టిన మంత్రి చేత “ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య అన్నట్టుంది ప్రభూ” అనిపించాను. చదివిన మా మామయ్యగారు ఈ సామెత ఇక్కడ అతకలేదన్నారే గానీ కారణం చెప్పలేదు. పెద్దలు వివరించగలరు.

జవాబు (విజయవాడ, సత్యనారాయణపురం నుంచి):

అమ్మా, మీ మామయ్యగారి చెవి మంచిది. సామెత సందర్భానికి దగ్గరగానే ఉన్నా, అందులోని “బోడి” అనే మాట మీ కథకు అడ్డుపడుతోంది. ఆ మాటకు జుట్టు లేని తల అనే అర్థం అందరికీ తెలిసిందే. “నీ బోడి సలహా” అన్నప్పటి చులకన అర్థమూ తెలిసిందే. పశువుల విషయంలో మాత్రం బోడి అంటే కొమ్ములు లేనిది. పల్లెలో బోడి ఆవు పక్కనుంచి పిల్లలు కూడా జంకు లేకుండా నడిచిపోతారు. సామెత పుట్టినప్పుడు ఈ అర్థం దాని మనసులో ఉందని నేను వాదించను. వాడుకలో ఉన్నది చులకనే. అయితే ఆ చులకనకు ఆధారం ఒకటుండాలి కదా! ఓడ నడిపేవాడు తిరిగి ఏమీ చేయలేడన్న ధీమాతోనే ఒడ్డెక్కినవాడు అతణ్ణి బోడి మల్లయ్య అనగలుగుతాడు. మాట పడ్డ మల్లయ్య తెడ్డు పుచ్చుకుని వెనక్కి పోతాడు తప్ప, వెంటపడి ఊరు తగలబెట్టడు. మీ గ్రహాంతరవాసులు అటువంటి మల్లయ్యలు కారు. కృతఘ్నతను ఎత్తిపొడిచే సామెతను ప్రాణగండం ఉన్నచోట వాడితే, వినేవాడికి జాలి కలుగుతుంది గానీ భయం కలగదు. మీ మంత్రికి కావలసింది భయం.

ఇటువంటి పాలకుడి కథ మనకు పంచతంత్రంలోనే ఉంది. నాలుగో తంత్రమైన లబ్ధప్రణాశంలో గంగదత్తుడనే కప్పల రాజు, దాయాదుల పోరు పడలేక, బావిలో తిరిగే ఏతపు కుండల వరుసను పట్టుకుని పైకి వస్తాడు. వచ్చినవాడు వేరే చోటికి పోయి బతకక, ప్రియదర్శనుడనే పాము పుట్ట దగ్గరికి వెళ్లి స్నేహం కోరతాడు. పాము తన జాతిది కాదనీ, తన జాతిని తినేదనీ తెలిసే వెళతాడు. ముసలితనంతో ఎప్పుడో ఒక ఎలుక దొరికితే అదే పండుగ అన్నట్టున్న పాముకు, ఈ వెర్రివాడు కూర్చున్నచోటే కూడు చూపించాడు. రాజు దాన్ని అదే కుండల దారిన లోపలికి దింపి, నీటి పక్కన బొరియలో నిలిపి, దాయాదులను ఒక్కొక్కరినే చూపిస్తాడు. వాళ్లు అయిపోయాక, “మిత్రమా, పని ముగిసింది, వచ్చిన దారినే వెళ్లిరా” అంటాడు. పాము ఇచ్చిన జవాబు నాకు పంచతంత్రం మొత్తంలోనే గొప్ప రాజకీయ వాక్యమనిపిస్తుంది: నా బొరియను ఈపాటికి వేరెవరో ఆక్రమించి ఉంటారు, నేనెక్కడికి పోను, నీ పరివారంలోంచే రోజుకొకరిని ఇవ్వు, లేకపోతే అందరినీ తింటాను. చివరకు రాజు కొడుకు యమునాదత్తుడు కూడా దానికి ఆహారమవుతాడు. అప్పుడు గంగదత్తుడు పక్క బావుల కప్పలను తెచ్చిపెడతానని నమ్మబలికి పైకి వచ్చి, మరి తిరిగి వెళ్లడు. పిలుచుకురమ్మని పాము ఉడుమును పంపితే, “బుభుక్షితః కిం న కరోతి పాపం” అని మొదలుపెట్టి, “న గంగదత్తః పునరేతి కూపమ్” అని ముగించి కబురంపుతాడు. ఆకలిగొన్నవాడు చేయని పాపం ఉండదు, గంగదత్తుడు మళ్లీ బావికి రాడు, అని. పరాయి మిత్రుణ్ణి మోసగించడంలో అతడు గెలిచాడు. ఏలడానికి బావి మాత్రం మిగలలేదు. చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం, మిత్రభేదం మాత్రమే ఉండటం వల్ల, బడిలో ఆ పుస్తకం చదువుకున్నవారికి ఈ కథ అంతగా పట్టుబడలేదేమో.

ఇంకొక చమత్కారం చూడండి. గంగదత్తుడి కథను చెబుతున్నది ఒక కోతి, వింటున్నది ఒక మొసలి. ఆ మొసలి కోతిని వీపున ఎక్కించుకుని నీళ్ల మధ్యకు తీసుకుపోయి, నీ గుండె మా ఇంటిదానికి కావాలన్నదే. అంటే అక్కడ ఓడ మల్లయ్యే మొసలి. కోతి తన గుండెను చెట్టు మీద మరిచి వచ్చానని చెప్పి, ఒడ్డు చేరి కొమ్మ మీదికి ఎగబాకిన తరువాతే అసలు మాట పలికింది. సామెతలో “దాటాక” అనే మాటకు ఉన్న బరువంతా ఇక్కడ తెలుస్తుంది.

నడిఏట్లోనే నోరు జారితే ఏమవుతుందో మన ప్రాంతపు చరిత్రే చూపించింది. 1751లో దక్కను సుబేదారీ, అంటే నిజాం గద్దె, సలాబత్ జంగుకు దక్కింది ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో. ఆ అండకు ఖరీదుగా 1753లో మనకు కూతవేటులో ఉన్న కొండపల్లితో సహా నాలుగు సర్కార్లు (జిల్లాల వంటి పాలనా విభాగాలు) ఫ్రెంచివారి చేతికి వెళ్లాయి. సలాబత్ జంగు మెతక మనిషి. పన్నాగాలన్నీ దివాను షానవాజ్ ఖానువి. 1756లో ఆయన మాట విని బుస్సీని కొలువు నుంచి తొలగించారు. బుస్సీ తన దండుతో హైదరాబాదు చేరి చార్‌మహల్‌లో పాతుకుపోయి, అదనపు బలగం వచ్చేదాకా నిలదొక్కుకున్నాడు. ఆపైన దర్బారే దిగివచ్చి రాజీపడింది. 1759లో ఇంగ్లీషువారు మచిలీపట్నం కోటను పట్టుకున్నాకే సలాబత్ జంగు ఫ్రెంచివారిని వదిలి, వారిని తన రాజ్యంలో ఉండనివ్వనని ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. ఏరు దాటాడా అంటే, ఓడ మారాడంతే. 1762లో తమ్ముడు నిజాం అలీయే అతణ్ణి గద్దె దింపాడు. మరుసటి ఏడాది బీదరు కోటలో బందీగానే ప్రాణం పోయింది.

కాబట్టి పన్నాగం ఇంకా మనసులోనే ఉన్న ఘట్టంలో మంత్రి చేత “కొరివితో తల గోక్కుంటున్నారు ప్రభూ” అనిపించండి. ఓడ మల్లయ్య సామెతను పాలకుడికే ఇవ్వండి. ధీమాతో నవ్వుతూ అతడే అనాలి. అప్పుడది పాలకుడి తెలివితక్కువతనాన్ని అతని నోటితోనే చెబుతుంది.

ఆక్షేపణ (విజయవాడ, గవర్నరుపేట నుంచి మరొక సభ్యుడు):

మాస్టారూ, విశాఖదత్తుడి సంస్కృత నాటకం ముద్రారాక్షసం మాటేమిటి? చాణక్యుడు పర్వతకుడనే రాజుకు అర్ధరాజ్యం ఆశ చూపి, శకులు, యవనులు, కిరాతులు, కాంభోజులు, పారసీకులు, బాహ్లికులతో పాటలీపుత్రాన్ని ముట్టడింపజేసి, తరువాత చంద్రగుప్తుడి కోసం నందుల మంత్రి రాక్షసుడు పంపిన విషకన్యనే పర్వతకుడి మీదికి మళ్లించాడు కదా. అక్కడ పరాయి మిత్రుడు ప్రమాదకారి అయినా, సామెత చక్కగానే అతుకుతుంది.

జవాబు:

అతుకుతుందండీ, చాణక్యుడి వరకు. ఆయన దెబ్బ కొట్టింది పాటలీపుత్రం చేతికి వచ్చాక. పైగా నింద రాక్షసమంత్రి మీద పడేలా చూసుకున్నాడు. అయినా పర్వతకుడి కొడుకు మలయకేతువు తప్పించుకుపోయి, పరాయి సేనలను కూడగట్టుకుని తిరిగి దండెత్తి రాబోవడమే నాటకానికి ఇరుసు. చాణక్యుడంతటివాడికే ఆ లెక్క తేల్చడానికి ఏడంకాలు పట్టింది.

ప్రశ్న అడిగిన అమ్మాయికి చివరిగా ఒక మాట. మీ పాలకుడు “మీ సాయానికి కృతజ్ఞులం, ఇక మీ లోకానికి బయలుదేరండి” అన్నప్పుడు ఆ వచ్చినవారి చేత ప్రతిజ్ఞలు, బెదిరింపులు పలికించకండి. ప్రియదర్శనుడి జవాబునే మీ కథకు తగినట్టు మార్చుకోండి: “మేము వచ్చి చాలాకాలమైంది. మా లోకంలో ఈపాటికి వేరెవరో ఉంటారు.”