కుంకుమపువ్వు అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? అంత ఖరీదు ఎందుకు?

ప్రశ్న:
గ్రాము కుంకుమపువ్వు కొన్నానండీ. పాలలో వేసీ వేయగానే ఎర్రబడిపోయాయి, వాసన మాత్రం లేదు. కల్తీ సరుకేమోనని అనుమానంగా ఉంది. ఇంతకీ ఇది మొదట ఎక్కడిది, దీనికి అంత ధర ఎందుకు? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
వేయగానే ఎర్రబడ్డాయంటే రంగు అద్దిన సరుకే అయ్యుంటుంది. చల్లటి నీళ్లలో నాలుగు పోగులు వేసి పావుగంట వదిలేయండి. అసలుదైతే నీళ్లు మెల్లగా పసుపురంగుకి తిరుగుతాయి, పోగు ఎర్రగానే ఉంటుంది. నకిలీదైతే రంగంతా దిగిపోయి పోగు వెలిసిపోతుంది. ఆకారం కూడా చూడండి, అసలు పోగు ఒక కొస సన్నగా, రెండో కొస బూరలా విచ్చుకుని ఉంటుంది. కుసుమపూలకో మొక్కజొన్న పీచుకో రంగు వేసి కలిపితే ఆ ఆకారం ఎక్కణ్ణుంచి వస్తుంది?

జవాబు 2:
ధర గురించి నేను చెప్తాను. ఒక్కో పువ్వులో ఉండేవి మూడే మూడు ఎర్ర పోగులు, కిలో ఎండు పోగులు కావాలంటే దాదాపు 1,50,000 పూలు కోయాలి, అదీ అక్టోబరు, నవంబరుల్లో పూత ఉండే ఆ కొద్ది రోజుల్లోనే, ఎండ ముదరకముందే కోసి, వాడిపోకముందే చేత్తో వలిచి ఆరబెట్టాలి. పైగా ఈ మొక్కకి విత్తనం కట్టదు. దుంపలు తవ్వి, విడదీసి మనిషి నాటితేనే మళ్లీ మొలుస్తుంది, అంటే వేల ఏళ్లుగా రైతుల చేతుల మీదుగానే బతికొస్తున్న మొక్క ఇది. నాకైతే ఆ ధరలో అన్యాయం కనిపించదు.

దీని మూలం గ్రీసు ప్రాంతపు అడవి మొక్క అంటారు. అక్కడి సాంటోరిని దీవిలో 3,500 ఏళ్ల పైబడిన గోడచిత్రాల్లో ఆడవాళ్లు ఈ పూలు కోస్తూ కనిపిస్తారు. ఇప్పుడు ప్రపంచంలో పండేదాంట్లో చాలా భాగం ఇరాన్‌దే. మన దేశంలో కశ్మీర్‌లోని పాంపోర్ పేరున్న చోటు, కశ్మీర్ కుంకుమపువ్వుకి 2020లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని చట్టపరంగా ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది.

జవాబు 3:
అందరూ రంగే చూస్తారు కానీ అసలు విలువ వాసనదే. పచ్చి పోగుకి ఆ వాసన ఉండదు, ఆరబెట్టేటప్పుడు లోపలి చేదు పదార్థం విరిగి సాఫ్రనాల్ తయారవుతుంది, అదే ఆ పరిమళం. నాలుక మీద పెట్టుకుంటే కాస్త చేదుగా ఉండాలి, తియ్యగా ఉంటే అనుమానించండి. వాడేటప్పుడు పోగులు నలిపి గోరువెచ్చని నీళ్లలోనో పాలలోనో అరగంట నానబెట్టి, వంట చివర్లో కలపండి, ఎక్కువసేపు మరిగిస్తే పరిమళం ఎగిరిపోతుంది. నాలుగైదు పోగులు చాలు. మందులా పని చేస్తుందని గ్రాములకి గ్రాములు తినొద్దు, 5 గ్రాములు దాటితే విషమే, గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. పొడి మాత్రం ఎప్పుడూ కొనకండి, అందులో ఏం కలిపారో కంటితో పట్టుకోలేం.