అపార్ట్‌మెంట్ పర్మిషన్లలో ఆర్‌ఈటీవీ 15 బదులు 12 పెట్టొచ్చా?

డ్రాయింగ్_బోర్డ్:
నమస్తే అండి. హైదరాబాద్ శివార్లలోని ఒక మున్సిపాలిటీ కోసం కొత్త అపార్ట్‌మెంట్ల ప్లాన్ పరిశీలనకు చెక్‌లిస్టు రాస్తున్నాం. ఎకో నివాస్ సంహిత 2018 (ఇళ్ల ఇంధన పొదుపుకు కేంద్రం తెచ్చిన కోడ్) ప్రకారం 500 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్లాటుకు గోడలూ కిటికీల ఆర్‌ఈటీవీ (వాటి గుండా లోపలికి వచ్చే సగటు వేడి) చదరపు మీటరుకు 15 వాట్లు మించకూడదు, కప్పు యు విలువ (వేడిని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకె) 1.2 దాటకూడదు. కౌన్సిల్‌లో కొందరు "ఇంగ్లండ్‌లో కౌన్సిళ్లు సొంతంగా గట్టి పరిమితులు పెడుతున్నాయి కదా, మనం 12 పెడదాం" అంటున్నారు. నమూనాగా తీసుకున్నది స్టిల్ట్ ప్లస్ 5 బిల్డింగ్. గోడలు 200 మి.మీ. ఏఏసీ బ్లాకు (గాలి బుడగలున్న తేలికపాటి కాంక్రీటు), బయటి గోడ విస్తీర్ణంలో కిటికీలు 15 శాతం, మామూలు క్లియర్ గ్లాస్. ఆర్కిటెక్టు ఇచ్చిన లెక్కలో 12.3 వచ్చింది. 12 పెట్టడం సాధ్యమేనా? పర్మిషన్ దశలో ఏమేం అడగాలి?

యూ_విలువ:
ఆ 12.3 నమ్మకండి. ఆయన గోడంతా ఏఏసీ అనుకుని లెక్క వేశారు. ప్లాస్టర్‌తో కలిపి 200 మి.మీ. ఏఏసీ యు విలువ 0.77 దాకా వస్తుంది, అది సరైనదే. కానీ బయటి గోడలో బీములు, కాలమ్‌లు, స్లాబ్ అంచులు కూడా ఉంటాయి. కాంక్రీటుకు యు విలువ 3.3 దగ్గర. గోడ భాగంలో నాలుగో వంతు కాంక్రీటే అనుకోండి, సగటు 1.40 అవుతుంది.

ఇప్పుడు సంహితలో కాంపోజిట్ వాతావరణానికి ఇచ్చిన గుణకాలతో మళ్లీ వేద్దాం (హైదరాబాద్ ఈ జోన్‌లోనే ఉంది). గోడ: 6.06 × 1.40 × 0.85 = 7.2. గాజు గుండా వేడి ప్రసారం: 1.85 × 5.8 × 0.15 = 1.6. గాజు గుండా ఎండ: 68.99 × 0.15 × 0.65 = 6.7. మొత్తం 15.5, అంటే ఫెయిల్. దిక్కుల గుణకం 1 అనుకుని వేశాను. అసలు లెక్కలో పడమరకు 1.156, ఉత్తరానికి 0.659 వాడాలి. పడమటి ముఖం పొడుగున్న ప్లాటైతే ఇంకా పెరుగుతుంది.

దీన్ని దింపడానికి చవకైన దారి గాజు మార్చడం కాదు, సజ్జ. నీడతో కలిపిన ఎస్‌హెచ్‌జీసీని (కిటికీ మీద పడ్డ ఎండ వేడిలో లోపలికొచ్చే వంతు) 0.65 నుంచి 0.55కు తెస్తే మొత్తం 14.5కు వస్తుంది. కాబట్టి మొదటి షరతు ఇలా రాయండి: "గోడ యు విలువను కాంక్రీటు విస్తీర్ణం విడిగా చూపి, విస్తీర్ణాల నిష్పత్తిలో సగటు కట్టి ఇవ్వాలి." ఇది లేకుండా 12 పెట్టినా కాగితం మీద పాస్ చేయించడం తేలికే.

ఇంకోటి, మీ దగ్గర అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో (అచ్చులతో) గోడలన్నీ కాంక్రీటుతో పోసే టవర్లు వస్తుంటే చూసుకోండి. 160 మి.మీ. కాంక్రీటు గోడకు ఒక్క గోడ పదమే 6.06 × 3.3 × 0.85, అంటే 17. కిటికీ పెట్టకముందే పరిమితి దాటేసింది. బయట 25 మి.మీ. ఈపీఎస్ (థర్మోకోల్ రకం) బోర్డు అతికించి ప్లాస్టర్ చేస్తే యు విలువ 1 దగ్గరకు దిగుతుంది, మొత్తం 13.5 వరకు వస్తుంది.

ఇటుక_బెడ్డ:
అధికారం సంగతి. భవన నిర్మాణ నిబంధనలు రాష్ట్రం జీవో ద్వారా ఇస్తుంది (2012 నాటి జీవో 168 అందరికీ తెలిసిందే). కౌన్సిల్ తీర్మానంతో 15ను 12 చేస్తే కోర్టులో నిలబడడం కష్టం. మీ చేతిలో ఉన్నది తనిఖీ. జీవో 168 ప్రకారం 10 శాతం బిల్టప్ ఏరియా తాకట్టులో ఉంటుంది, ఓసీ (నివాసయోగ్యతా పత్రం) ఇచ్చేదాకా విడుదల కాదు. పర్మిషన్‌లో రాసిన గోడ, కప్పు పొరలే కట్టారా అన్నది అక్కడ పట్టుకోవాలి.

కప్పులోనే ఎక్కువ మోసం జరుగుతుంది. 150 మి.మీ. స్లాబ్ యు విలువ 3 దగ్గర. దాని మీద ఇటుక బెడ్డ, సున్నం కోబా 75 మి.మీ. వేసినా 1.2 దరిదాపులకు రాదు, కానీ "హీట్ ప్రూఫింగ్ చేశాం" అంటారు. 1.2 కావాలంటే ఇన్సులేషన్ తప్పదు. 40 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి నురుగు బోర్డు) వేస్తే 0.65 దగ్గరకు వస్తుంది. వరుస ఇది: స్లాబ్, వాటర్ ప్రూఫింగ్, దాని మీద ఎక్స్‌పీఎస్ బోర్డులు (కీళ్లు ఒకే గీతలో రాకుండా), జియోటెక్స్‌టైల్ (వడపోత గుడ్డ), ఆపైన స్క్రీడ్ (సిమెంటు పొర). పారపెట్ గోడ దగ్గర బోర్డు ఆపేసి ఖాళీ వదిలితే ఆ అంచు వెంట వేడి దిగుతుంది. స్క్రీడ్ పోశాక లోపల ఎక్స్‌పీఎస్ ఉందో, ప్యాకింగ్ థర్మోకోల్ ఉందో ఎవరూ చెప్పలేరు. అందుకే బోర్డులు పరిచిన రోజు జియోట్యాగ్ ఫొటోలు, బోర్డు మందం మీద టేపు పెట్టి తీసినది ఒకటి, డెలివరీ చలానా. ఇవి లేకుంటే ఓసీ ఫైల్ కదలకూడదు.

తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ 2023-28 ప్రకారం 600 గజాలు, ఆపైన ఉన్న ఇళ్ల ప్లాట్లకు కూల్ రూఫ్ తప్పనిసరి. 500 చదరపు మీటర్లంటే 598 గజాలు. అంటే దాదాపు అవే ప్లాట్లు, రెండిటికీ ఒకే ఫారం సరిపోతుంది. మామూలు తెల్ల ఎమల్షన్ వేసి కూల్ రూఫ్ అనేవాళ్లుంటారు, ఎస్‌ఆర్‌ఐ (ఎండను ఎంత తిప్పికొడుతుందో చెప్పే సూచిక) టెస్ట్ రిపోర్టు అడగండి. నీళ్లు నిలిచే చోట ఆ కోటింగు పెచ్చులు లేస్తుంది కాబట్టి వాలు ముందు సరిచూడాలి.

థేమ్స్_గట్టు:
ఇంగ్లండ్ పోలిక వచ్చింది కాబట్టి. అక్కడ దారి తెరిచింది లండన్‌లోని మెర్టన్ బరో. 2003లో ఇళ్లు కాని పెద్ద కొత్త నిర్మాణాలు తమకు కావలసిన ఇంధనంలో 10 శాతం సైటులోనే పునరుత్పాదకంగా తయారు చేసుకోవాలంది. 2008 చట్టం కౌన్సిళ్లకు ఆ అధికారాన్ని రాసిచ్చింది. కార్న్‌వాల్ 2023లో పెట్టిన పరిమితులు ఏడాదికి చదరపు మీటరుకు వేడి అవసరం 30 యూనిట్లు, మొత్తం వాడకం 40 యూనిట్లు. అదే ఏడాది డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం ఒక ప్రకటనతో కౌన్సిళ్ల చెయ్యి కొంత కట్టేసింది. కాబట్టి "అక్కడ కౌన్సిళ్లకు స్వేచ్ఛ" అనేది సగం మాటే. పైగా అక్కడివి చలి లెక్కలు, ఆ అంకెలు హైదరాబాద్‌కు తెచ్చుకోవద్దు. తెచ్చుకోదగ్గది ఒకటుంది: లండన్ ప్లాన్ 2021 సైటులో 35 శాతం కర్బన తగ్గింపు అడుగుతుంది, సున్నాకు చేరని తక్కిన లోటుకు టన్నుకు 95 పౌండ్లు, 30 ఏళ్లకు కలిపి 2,850 పౌండ్లు కట్టాలి. తప్పితే ఎంత కట్టాలో ముందే తెలుసు కాబట్టి బిల్డర్ డిజైన్ దశలోనే లెక్క వేసుకుంటాడు.

బెజవాడ_ప్లింత్:
ఇదే బిల్డింగ్ విజయవాడలో అయితే పాస్. వెచ్చని తేమ వాతావరణం గుణకాలు 5.15, 1.31, 65.21తో 13.6 వస్తుంది. కానీ అక్కడ తెరుచుకునే కిటికీల వైశాల్యం కార్పెట్ ఏరియాలో 16.66 శాతం ఉండాలి. హైదరాబాద్‌కు 12.5 చాలు. 93 చదరపు మీటర్ల ఫ్లాటుకు హైదరాబాద్‌లో 11.6, బెజవాడలో 15.5 చదరపు మీటర్లు. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీలో తెరుచుకునేది సగమే, పూర్తి కిటికీ కొలత రాస్తే తిప్పి పంపండి.

డ్రాయింగ్_బోర్డ్:
చాలా థ్యాంక్స్ అండి. 12 పక్కన పెడుతున్నాం. కాంక్రీటు విస్తీర్ణానికి ఒక కాలమ్, "స్క్రీడ్‌కు ముందు తనిఖీ తేదీ" అని ఒక గడి ఫారంలో చేర్చాం. యూ_విలువ గారూ, సజ్జ 600 మి.మీ. అన్ని దిక్కులకూ ఒకటే రాయొచ్చా?

యూ_విలువ:
వద్దు. దక్షిణానికి పైన సజ్జ పనిచేస్తుంది. సాయంత్రం పడమటి ఎండ అడ్డంగా వస్తుంది కాబట్టి దానికి పక్క ఫిన్ (నిలువు పలక) కూడా కావాలి. ఉత్తరానికి వాన జల్లు ఆపేంత చాలు.