అమెరికా షిఫ్టుకూ ఇంటి వేళలకూ పొంతన కుదరనప్పుడు ఏం చేయాలి?

సాయంత్రం_షిఫ్టు: హైదరాబాద్ ఐటీలో అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్ల కోసం ఈ చర్చ. అవే తొమ్మిది గంటలు చేసి కొందరు నిమ్మళంగా ఉంటారు, కొందరు నలిగిపోతారు. తేడా ఎక్కడ? ఏం అడగాలి?

రోస్టర్_పట్టిక: ఎన్ని గంటలన్నది కాదు, ఏ గంటలన్నది చూడండి. న్యూయార్క్‌లో ఉదయం 9 కాల్ మార్చి నుంచి మనకు సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పగానే 7:30. హోంవర్కు, అన్నం, పడక అన్నీ ఆ వేళకే. అక్టోబరులోనే మాట్లాడుకోవాలి. ‘కాస్త ఫ్లెక్సిబుల్‌గా ఉండండి’ అంటే ‘చూద్దాం’ అంటారు, అంతే. ‘మంగళ, గురువారాలు 7:30 నుంచి 8:30 దాకా ఉండను, అప్‌డేట్ 7కల్లా రాసి పెడతా, అర్జెంటయితే ఫలానా వాళ్లు చూస్తారు’ అని మెయిల్ పెట్టండి. కాదనడానికి కారణం వెతుక్కోవాల్సింది అప్పుడు వాళ్లే.

గడప_ఇవతల: గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే పరిశోధకులు 1985లో పనికీ ఇంటికీ మధ్య ఘర్షణను మూడుగా విడదీశారు: సమయం, ఒత్తిడి, ప్రవర్తన. పైన చెప్పింది మొదటిదానికే మందు. రెండోది, ఇంట్లో ఉన్నా బుర్ర ప్రొడక్షన్ ఇష్యూ దగ్గరే ఉండటం. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆఫీసులో టికెట్ (నమోదైన సమస్య) క్లోజ్ చేసే ధోరణిలో పిల్లాడితో మాట్లాడితే వాడు ముడుచుకుంటాడు, మీకు అపరాధ భావం మిగులుతుంది. ముందు మీది ఏ రకమో తేల్చుకోండి. సమయం చిక్కుకు ధ్యానం యాప్ ఏం చేస్తుంది?

ఇంకోటి, వర్క్ ఫ్రమ్ హోమ్ అందరికీ పడదు. పనినీ ఇంటినీ విడిగా ఉంచుకోవాలనుకునేవాళ్లకు అది శిక్షే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వర్క్ ప్రొఫైల్ (ఆఫీసు యాప్‌లను విడిగా ఉంచే ఏర్పాటు) ఉంటే షిఫ్టు అయ్యాక దాన్ని ఆపేయండి, ఆఫీసు యాప్‌లన్నీ ఒకేసారి నిద్రపోతాయి. ఆన్‌కాల్ వారం, అంటే ఎప్పుడు పిలిచినా పలకాల్సిన వారం, ఇది కుదరదనుకోండి.

నిద్ర_లెక్క: తెల్లవారుజామున 3:30కి లాగౌట్, ఏడింటికి స్కూలు బస్సు. ఏకంగా ఏడు గంటల నిద్ర దొరకదు. బస్సు ఎక్కించే పని భార్యాభర్తల్లో రెండోవాళ్లు తీసుకోవాలి, లేదా నిద్రను రెండు ముక్కలు చేసి మధ్యాహ్నం గంటన్నర పడుకోవాలి. ఆ వేళకు కాలింగ్ బెల్ ఆపండి. పడుకునే ముందు ఆరు గంటలు కాఫీ వద్దు. నిద్ర చాలని చిరాకునే చాలామంది ‘సంసారంలో గొడవ’ అనుకుంటారు.

హెచ్ఆర్_బల్ల: 50 మంది, ఆపైన ఉన్న సంస్థ క్రెష్ (పసిపిల్లలను చూసుకునే చోటు) ఏర్పాటు చేయాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన హక్కు ఇది. ప్రసూతి సెలవు తర్వాత ఇంటినుంచి పని మాత్రం సంస్థా, ఉద్యోగినీ ఇద్దరూ ఒప్పుకుంటేనే.

సాయంత్రం_షిఫ్టు: ఇవన్నీ చేసినా దిగులు తగ్గకపోతే?

గడప_ఇవతల: రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులే, దేనిమీదా ఆసక్తి లేదంటే రోస్టర్ మార్పు కోసం ఆగొద్దండీ, డాక్టర్‌కు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రిపూటా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.