లండన్‌లో రోత్కో చిత్రాలను నాన్నగారికి ఎలా చూపించాలి?

నమస్కారం. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన మా నాన్నగారికి, టేట్ మోడర్న్ మ్యూజియంలో అమెరికన్ నైరూప్య చిత్రకారుడు మార్క్ రోత్కో గీసిన సీగ్రామ్ చిత్రాలను చూపించాలని వచ్చే నెలలో లండన్ తీసుకువెళ్తున్నాను. 1958లో న్యూయార్క్‌లోని సీగ్రామ్ భవనంలో ఉన్న ఒక ఖరీదైన రెస్టారెంట్ కోసం ఒప్పుకున్న ఈ పనిని, అక్కడి వాతావరణం నచ్చక, రోత్కో వదులుకుని డబ్బు తిరిగి ఇచ్చేశారు. తరువాత టేట్‌కు ఆయన బహూకరించిన తొమ్మిది చిత్రాలు, ఆయన మరణించిన 1970 ఫిబ్రవరి 25వ తేదీనే లండన్ చేరాయన్న సంగతి చదివినప్పుడల్లా నా మనసు బరువెక్కుతుంది.

మొన్న ఫోనులో ఒక చిత్రం చూపిస్తే, నాన్నగారు కళ్లజోడు పైకి నెట్టి, ముదురు ఎరుపు నలుపులో కలిసేచోట వేలు పెట్టి, "ఇక్కడ అంచు ఏదమ్మా?" అని అడిగారు. చిన్న తెరపై దానికి జవాబు దొరకదని నా నమ్మకం.

ఈమధ్య అక్కడికి వెళ్లినవారు దయచేసి చెప్పండి: ఆ తొమ్మిదీ ఇప్పుడు ఒకే గదిలో ఉన్నాయా? రోత్కో కోరుకున్నట్టు వెలుతురు తక్కువగా ఉంచుతారు కనుక, కంటి శుక్లాల ఆపరేషన్ అయిన మనిషికి ఇబ్బంది అవుతుందా? మోకాళ్ల నొప్పులున్నవారు గంటసేపు కూర్చోవడానికి బల్లలున్నాయా? ఏ వేళకు వెళ్తే రద్దీ తక్కువగా ఉంటుంది?