అప్‌డేట్: నాన్నగారి సమాధికి రాయి ఖాయమైంది

గుంటూరులో నాన్నగారి సమాధికి ఏ గ్రానైట్ బాగుంటుందని ఇదివరకు అడిగాను: బంగారు చుక్కలున్న నల్లని చీమకుర్తి బ్లాక్ గెలాక్సీయా, ఎరుపా, చుక్కలేని నలుపా అని. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చుక్కలేని నలుపే తీసుకున్నాం.

గెలాక్సీ అంటే అమ్మకు ఎంతో మక్కువ, పైగా మన దగ్గర్లోని ప్రకాశం జిల్లా రాయి. కానీ మేస్త్రి ఒక ముక్క మీద పేరు, తేదీలు చెక్కి చూపించాక ఆమే వద్దంది. బంగారు చుక్కలు సన్నని గీతల మధ్య దూరి, 3 కాస్తా 8లా కనిపించింది! మెరుగు పెట్టిన నలుపు మీద చెక్కిన గీత లేత బూడిద రంగులో స్పష్టంగా తేలుతుంది. ఎరుపు మీద ఆ తేడా తక్కువ. అక్షరాలకు రంగు నింపాలి, మన ఎండలకు అది వెలిసిపోతుంది.

ఇక్కడ ఒకరు చెప్పిన అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) పరీక్ష తప్పక చేయండి. తెల్లగుడ్డను అందులో తడిపి రాయి మీద గట్టిగా రుద్దాలి. ఒక దుకాణంలో గుడ్డకు నలుపు అంటింది, అంటే రాయికి రంగు పట్టించారన్నమాట. గుడ్డ తెల్లగా మిగిలిన చోటే కొన్నాం.

పీఠానికి మాత్రం బూడిద రంగు స్టీల్ గ్రే గ్రానైట్ చెప్పాం. నలుపు మీద దుమ్ము, బోరు నీటి తెల్లమరకలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, బూడిద రంగులో అంతగా తెలియవు.