జపాన్ పెళ్లి విందులో నాన్న మాట్లాడాలట, ఎలా?

నమస్కారమండీ. పెళ్లి కుదిరాకే టోక్యోకి మారాను, ఇక్కడి పద్ధతులు ఇంకా ఒంటబట్టలేదు. అమ్మాయి జపనీస్. షింటో గుడిలో పెళ్లి, తర్వాత హోటల్లో విందు. విందు చివర్లో తల్లిదండ్రులకు కృతజ్ఞతలు చెప్పడం ఉంటుందని, అది అవగానే రెండు కుటుంబాల తరఫున మా నాన్న మాట్లాడాలని హోటల్ వాళ్లంటున్నారు. ఆయనకి జపనీస్ ఒక్క ముక్క రాదు, మైకంటే చెమటలు. ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

కవాసాకి నుంచి:
తమ్ముడూ, ప్రసంగం సంగతి తర్వాత, ముందు కూర్చునే చోటు గురించి చెప్తా. మా తమ్ముడి పెళ్లి ఇక్కడే అయింది, మా నాన్న దాని మీదే అలిగారు. అమ్మానాన్నల్ని మీ ఇద్దరికీ బాగా దూరంగా, తలుపు పక్క బల్ల దగ్గర కూర్చోబెడతారు. విందు ఇచ్చేది వాళ్లే కాబట్టి ముందు చోటు అతిథులకి వదిలేయాలి, పైగా మధ్యలో లేచి బల్ల బల్లకీ వెళ్లి బీరు పోస్తూ పలకరించాలి. మన దగ్గర పెళ్లికొడుకు తండ్రంటే మర్యాదలు అందుకునేవాడు, ఇక్కడ మర్యాదలు చేసేవాడు. ఆ చివరి మాటలు ఆయన చేత చెప్పించేది కూడా అందుకే. ఇది విమానం ఎక్కకముందే చెప్పేయ్.

ఇక చివర్లో నలుగురు తల్లిదండ్రులూ తలుపు దగ్గర వరసగా నిలబడతారు, మీరిద్దరూ ఎదురుగా. అమ్మాయి తన అమ్మానాన్నలకి రాసిన ఉత్తరం చదువుతుంది, హనయోమె నో తెగామి అంటారు, రెండు మూడు నిమిషాలు. మైకు నువ్వు పట్టుకోవాలి, రుమాలు కూడా జేబులో పెట్టుకో. గొప్ప మాటలేం ఉండవు. రోజూ తెల్లారే లేచి బెంతో (లంచ్ బాక్సు) కట్టావు, వానలో నా మ్యాచ్ చూడ్డానికొచ్చావు, హైస్కూల్లో నీతో మాట్లాడటం మానేశాను క్షమించు, ఇలాంటివే. హాలంతా ముక్కులు చీదుతుంది. అప్పగింతల్లో మనకి ఏడుపు దానంతటదే వస్తుంది, వీళ్లు రాసుకొచ్చి చదివి మరీ ఏడిపిస్తారు. ఆ ఉత్తరం తెలుగులో రాయించి మీ అమ్మ చేతిలో ముందే పెట్టు, లేకపోతే అందరూ ఎందుకేడుస్తున్నారో తెలీక ఆవిడ కంగారు పడుతుంది. తర్వాత పూలగుత్తులు, కానుకలు ఇస్తారు, అప్పుడు మీ నాన్న వంతు.

నగోయా నుంచి:
నాన్నగారిని తెలుగులోనే మాట్లాడమను భయ్యా, వెనకాలే నువ్వు జపనీస్‌లో చెప్పు. వచ్చినందుకు ధన్యవాదాలు, పిల్లలకి మీ అండ కావాలి, ఏర్పాట్లలో లోటుంటే మన్నించండి. ఇంతే, నిమిషం చాలు. విడిపోవడం, తెగడం, ముగియడం లాంటి మాటలు నీ జపనీస్‌లో రాకుండా చూసుకో, పెళ్లిలో అశుభం. మరీ భయపడితే నువ్వొక్కడివే మాట్లాడినా ఎవరూ ఏమనుకోరు, ఈమధ్య చాలామంది పెళ్లికొడుకులు అదే చేస్తున్నారు.

కానుక అంటే, పుట్టినప్పుడు నువ్వెంత బరువున్నావో అంత బియ్యం మూటగట్టి అమ్మానాన్నల చేతికిచ్చే పద్ధతొకటి ఉంది. అదే బరువుతో బొమ్మ ఎలుగుబంటి కూడా చేసిస్తారు, నా ఓటు మాత్రం బియ్యానికే.

అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. బియ్యం అమ్మకి భలే నచ్చింది, కానీ పుట్టినప్పటి బరువు అడిగితే "బొద్దుగానే ఉన్నావురా, ఎవరు తూచారు" అంటోంది. ఆస్పత్రి చీటీ లేదు. అమ్మ పట్టుచీర కట్టుకోవచ్చా?

కవాసాకి నుంచి:
నిక్షేపంగా. వాళ్లమ్మగారు కురోతొమెసోదె కడతారు, నల్లటి కిమోనో, ఐదు చోట్ల ఇంటి చిహ్నం, కింద మాత్రమే బొమ్మలు. దాని పక్కన కంచిపట్టు ఏమాత్రం తీసిపోదు. తేలికపాటి చీర మాత్రం వద్దు.

నగోయా నుంచి:
చీటీ లేకపోతే మూడు కిలోలు పెట్టేయ్, హాల్లో ఎవడూ తూచడు. జపాన్ బియ్యమే కొననక్కర్లేదు, టోక్యోలో మనవాళ్లు ఎక్కువుండే నిషికసాయిలో మన షాపుల్లో సోనామసూరి దొరుకుతుంది. ఆ మూట ఇండియాకి మోసుకెళ్తామంటే మాత్రం ఒప్పుకోకు, ఇక్కడే వండి పెట్టు.